ఆ చదువు చదివితే ఎంతొస్తుంది?

విద్యార్థి సంఘం కార్యదర్శి ఏటా మా షాపుకి వస్తాడు. మనిషి మారతాడు గాని మాట మారదు: "పాత విద్యార్థులు సార్, సంచికకి మీరు ఏదైనా ఇవ్వాలి." నేనూ ఏటా పావు పేజీ ప్రకటన ఇచ్చి, కింద "శుభాకాంక్షలతో" అని వేయించి చేతులు దులుపుకునేవాణ్ణి. ఈ ఏడు మాత్రం ప్రకటన వద్దు, వ్యాసం రాస్తానన్నాను. పాపం, కుర్రవాడి ముఖం చిన్నబోయింది. ప్రకటనకైతే డబ్బులొస్తాయి, వ్యాసానికి రావు. సరిగ్గా ఆ సంగతి గురించే నేను రాయబోతున్నాను.

2025 వేసవిలో ఒక ఆదివారం చిల్లకూరులో మా అక్క ఇంట్లో భోజనాలయ్యాయి. మా బావ గూడూరు నిమ్మకాయల మార్కెట్లో గుమస్తా. పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఒక ధర చూసి చూసి, ఏ వస్తువును చూసినా ముందు దాని రేటు అడిగే అలవాటు ఆయనకి. వక్కపలుకు నోట్లో వేసుకుని నెమ్మదిగా అందుకున్నాడు.

"ఏం బామ్మర్దీ, నీ మేనకోడలు జర్నలిజం చదువుతానంటోంది. నువ్వే ఎక్కించావని మీ అక్క అంటోంది. సరే, చదవనీ. నాకొక్క ముక్క చెప్పు. ఆ చదువు చదివితే ఎంతొస్తుంది?"

నేను నీళ్ళు నమిలాను. సమాజం, ప్రజాస్వామ్యం, నాలుగో స్తంభం అంటూ ఏదో మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "అవన్నీ నాకూ తెలుసు. నేనడిగింది రూపాయల్లో." గుమ్మంలో నిలబడ్డ మా అమ్మాయి కూడా, "నిజం చెప్పు మామా" అంది. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి నెలరోజులు ఆలోచించాను. ఇలాంటి ప్రశ్న మన కాలేజీలో చదివే ప్రతి పిల్లవాడి ఇంట్లోనూ ఏదో ఒక రాత్రి లేస్తుంది గనుక, జవాబు ఇక్కడ రాస్తున్నాను. లెక్చరర్లకు కొంచెం కటువుగా ఉంటే మన్నించాలి.

ముందు నా లెక్క చెప్పుకుంటాను. ఎదుటివాళ్ళ లెక్కలు అడిగేవాడు తన చిట్టా ముందు విప్పాలి గదా!

నేను ఈ కాలేజీలో 1994లో డిగ్రీ పూర్తిచేశాను. తర్వాత ఒక ఏడాది జర్నలిజం డిప్లొమా. 1996లో ఒక పత్రికకి మా మండలం విలేకరిగా కుదిరాను. పత్రిక పేరు ఇక్కడ అనవసరం. అప్పటికి జిల్లా అనుబంధాలు వచ్చి మండలానికో విలేకరి కావలసి వచ్చిన రోజులు. జీతం లేదు, లైన్ అకౌంట్. అంటే అచ్చయిన వార్తను కొలిచి, ఆ కొలతకు డబ్బు. మొదటి నెల నాకొచ్చింది 412 రూపాయలు. ఆ నెల నా మోపెడ్‌లో పోసిన పెట్రోలు, ఫ్యాక్స్ ఖర్చు, టీ ఖర్చు కలిపితే 600 దాటింది. మోపెడ్ కొన్నది మా అమ్మ గొలుసు కుదువబెట్టి. నాలుగేళ్ళు అలా తిరిగాను. ఊళ్ళో అందరూ "విలేకరి గారూ" అనేవాళ్ళు. పెళ్ళికి పిలిస్తే ముందు వరసలో కుర్చీ. ఆ కుర్చీ మీద కూర్చున్నప్పుడు జేబులో బస్సు చార్జీ ఉండేది కాదు.

పండగ వస్తే ప్రకటనలు తెమ్మనేవాళ్ళు. ఎవరి గురించి నిన్న వార్త రాశానో ఈ రోజు వాళ్ళ గుమ్మం ముందే ప్రకటన కోసం నిలబడాలి. ఇది డబ్బు లేకపోవడం కన్నా పెద్ద బాధ. 2000లో మానేశాను. గొలుసు విడిపించడానికి మరో రెండేళ్ళు పట్టింది. ఈ రోజు నెల్లూరులో నాకొక చిన్న షాపు ఉంది: కరపత్రాలు, రొయ్యల హేచరీల పుస్తకాలు, ఆస్పత్రుల సూచనల పత్రాలు, అనువాదాలు, అడిగితే పెళ్ళి శుభలేఖలు. ఇల్లు గడుస్తోంది. ఆ డిప్లొమాలో నేర్చుకున్న రాతే ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది. ఆ డిప్లొమా కాగితాన్ని మాత్రం ఇన్నేళ్ళలో చూపించమన్నవాడు ఒక్కడూ లేడు.

మిత్రులారా, ఈ తేడా గమనించండి. రాతకి ధర ఉంది, కాగితానికి లేదు. నా వాదన అంతా ఈ తేడా మీదే.

మన దేశంలో ఈ చదువుకు వయసు మరీ ఎక్కువేమీ కాదు. 1941లో లాహోరులో పంజాబ్ యూనివర్సిటీ జర్నలిజం శాఖ తెరిచింది. మన తెలుగువాళ్ళకి 1954లో ఉస్మానియాలో వచ్చింది. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ 1965లో వచ్చింది. అంతకు ముందు పత్రికలు లేవా? ఉన్నాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా 1908లో మొదలుపెట్టారు, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. దానికి ముందే, 1893లో, ఆయన అమృతాంజనం పెట్టారు. తెలుగు పత్రికను నిలబెట్టిన డబ్బు తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు! పంతులు గారికి తెలిసిన సంగతి మనం మరిచిపోయాం. ఈ వృత్తి మొదటినుంచీ రెండో కాలు మీద నిలబడ్డ వృత్తి.

ఇక ఉద్యోగమిచ్చేవాళ్ళు ఏమంటున్నారు? పెద్ద తెలుగు పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్ళు పెట్టుకున్నాయి. డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు, పరీక్ష రాయి, భాష వస్తే తీసుకుంటాం, శిక్షణలో ఉపకార వేతనం కూడా ఇస్తాం అన్న పద్ధతి వాటిది. యూనివర్సిటీల్లో జర్నలిజం ఎం.ఏ.కి కూడా ఏ డిగ్రీ చదివినవాళ్ళైనా వెళ్ళవచ్చు. అంటే ఏమిటి? బి.ఏ. చరిత్ర చదివిన పిల్ల, బి.కాం. చదివిన పిల్లవాడు, మూడేళ్ళు మీడియా చదివినవాడు ముగ్గురూ ఒకే గుమ్మం దగ్గర నిలబడుతున్నారు. గుమ్మం దగ్గర అడిగేది "తప్పుల్లేకుండా నాలుగు వాక్యాలు రాయగలవా?" అని. కొనేవాడు పట్టాకు విడిగా ధర కట్టనప్పుడు, అమ్మేవాడు దానికి పెద్ద రేటు వేస్తే మనం ఎందుకు కొనాలి?

అందుకని బావ అడిగిన ప్రశ్నను కొంచెం తిప్పి అడగాలి. "ఎంతొస్తుంది" అనే ముందు "ఎంత పోతుంది" అని అడగాలి. నిమ్మకాయల మార్కెట్లో ఆయన రోజూ చేసేది అదే. బస్తా ఎంతకు పోయిందన్నదొక్కటే లాభం కాదు. తోట కూలీ, బండి కిరాయి, కమీషను తీసేశాక మిగిలింది లాభం.

లెక్క కోసం రెండు ఇళ్ళు అనుకుందాం. ఈ అంకెలు ఏ కాలేజీ పట్టిక నుంచీ తీసినవి కావు. మీ అంకెలు మీరు వేసుకోండి. మొదటి ఇంటి పిల్ల దగ్గర్లోని కాలేజీలో చదువుతుంది. ఇంటి అన్నం, బస్సు పాసు, ఫీజు, పుస్తకాలు కలిపి ఏడాదికి 25,000, మూడేళ్ళకు 75,000. రెండో ఇంటి పిల్లవాడు నగరంలో పెద్ద బోర్డున్న ప్రైవేటు కాలేజీలో చేరాడు. స్టూడియో ఉంది, ఏసీ ఉంది, హాస్టలుంది. ఏడాదికి 2 లక్షలు. మూడేళ్ళకు 6 లక్షలు, అప్పు మీద. ఇద్దరికీ చివరికి నెలకు 15,000 జీతంతో ఒకే రకం ఉద్యోగం దొరికిందనుకోండి. అద్దె, తిండి, రాకపోకలు పోను నెలకు 3,000 మిగిలితే గొప్ప. మొదటి పిల్ల పెట్టుబడి 25 నెలల్లో తిరిగొస్తుంది. రెండో పిల్లవాడికి వడ్డీ లేకుండా చూసినా 200 నెలలు, అంటే పదహారేళ్ళ ఎనిమిది నెలలు. వడ్డీ కలుపుదామా? నూటికి 11 చొప్పున 6 లక్షలకు నెలవడ్డీయే 5,500. మిగిలేది 3,000. ఆ అప్పు తీరదు, పెరుగుతుంది.

ఒకే చదువు, ఒకే ఉద్యోగం. ఒక ఇంట్లో అది నిచ్చెన, ఇంకో ఇంట్లో ఉరితాడు. కాబట్టి ఈ డిగ్రీ విలువ ఎంత అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఎంత పెట్టి కొన్నారన్న దాన్ని బట్టే దాని విలువ. ఇంజనీరింగుకో వైద్యానికో అప్పు చేసేవాళ్ళకు ఒక ఆశ ఉంటుంది, రేపు జీతం పెద్దదవుతుందని. మన వృత్తిలో మొదటి పదేళ్ళు ఆ ఆశ మీద అప్పు చేయకూడదు. ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తే ఇంకా మంచిది. సకాలంలో వస్తుందన్న నమ్మకం మీద మాత్రం వడ్డీకి తేకండి.

అందుకే నాకు చిన్న ఊరి కాలేజీల మీద గౌరవం. అమెరికాలో వీటిని కమ్యూనిటీ కాలేజీలంటారు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ అనే ఊళ్ళో ఇలాంటి ప్రభుత్వ కాలేజీ ఒకటి మొదలైంది. ఇంటి దగ్గరే రెండేళ్ళు తక్కువ ఖర్చుతో చదువు; పనిలో చేరేవాడు చేరతాడు, ఓపికున్నవాడు మిగతా రెండేళ్ళు పెద్ద యూనివర్సిటీకి వెళ్ళి పట్టా పుచ్చుకుంటాడు. మన దగ్గర 1995లో పాండిచ్చేరి యూనివర్సిటీ ఈ పేరుతోనే ఒక కాలేజీ పెట్టింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఇదే దారి చెప్పింది: ఏడాది చదివితే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు ఆనర్స్. వినడానికి బాగానే ఉంది. కాని మధ్యలో దిగిపోయే వీలున్న బస్సులో, డబ్బులేనివాడే మధ్యలో దిగుతాడు. దిగిన చోట పని ఉంటేనే అది స్టేజీ, లేకపోతే నడిరోడ్డు. రెండేళ్ళ డిప్లొమాతో ఏ పని దొరుకుతుందో చెప్పకుండా ఆ కాగితం ఇవ్వడం పిల్లల్ని నడిరోడ్డు మీద దించడమే.

మరి మీడియా చదువు దండగా? కాదు. ఇక్కడే మా అమ్మాయి గురించి చెప్పాలి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది గుర్తుందా? 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, దాటకముందే మన వైపు వానలు దంచి కొట్టింది. అప్పుడు మా అమ్మాయి ఇంటర్ మొదటి ఏడాది. తుపాను హెచ్చరికలు ఫోన్లలో తిరుగుతున్నాయి. "తీవ్ర వాయుగుండం బలపడి, వాయవ్య దిశగా పయనించి" అని ఒకటి. "సముద్రం ఊళ్ళోకి వచ్చేస్తోంది, పారిపోండి" అని ఎవడో పుట్టించింది ఒకటి. తీరం వైపు పల్లెలో బావ వాళ్ళ చుట్టాలున్నారు. ఏది నమ్మాలో తెలియక వాళ్ళు ఫోన్ చేస్తే, ఈ పిల్ల వాతావరణ శాఖ బులెటిన్ రెండుసార్లు చదివి, మండలాఫీసుకు ఫోన్ చేసి కనుక్కుని, తన గొంతుతో ఒక నిమిషం సందేశం రికార్డు చేసి పంపింది. గాలి ఎప్పుడు పెరుగుతుంది, పడవలు ఎక్కడ కట్టుకోవాలి, ముసలివాళ్ళను ఏ బడికి తీసుకెళ్ళాలి, ఏ పుకారు అబద్ధం. అంతే. మన నెల్లూరు యాసలో, వాళ్ళ అవ్వతో మాట్లాడినట్టు. ఆ పల్లెలో అందరూ అదే విన్నారట.

నేను నాలుగేళ్ళు విలేకరిగా తిరిగి నేర్చుకున్నది ఆ పిల్లకి ఒక్క రాత్రిలో పట్టుబడింది. కనుక్కోవడం, నిజమో కాదో చూడడం, వినేవాడి నోటి మాటలో చెప్పడం. మాస్ కమ్యూనికేషన్ అనే పెద్ద మాటకు అర్థం ఇదే. యంత్రాలే వ్యాసాలు రాసే రోజులొచ్చాయి, ఈ చదువు ఇంకెందుకంటున్నారు కొందరు. ఉన్న మాటలను తిప్పి రాసే పని యంత్రానికి పోతుంది, నిజమే. నా షాపులో అనువాదాల రేటు ఇప్పటికే పడింది. కాని మండలాఫీసుకు ఫోన్ చేసి, అవతలివాడు నసుగుతుంటే వదలకుండా అడిగి తెలుసుకునే పని మనిషిదే. మన చదువులో ధర నిలిచేది ఆ భాగానికే.

ఆ పనికి గిరాకీ పత్రికాఫీసులోనే ఉందనుకోవడం మన పొరపాటు. చుట్టూ చూడండి. కృష్ణపట్నం పోర్టు ఉంది, శ్రీసిటీ ఉంది, హేచరీలున్నాయి, ఆస్పత్రులున్నాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రంలో చేపలెక్కడ దొరుకుతాయో, అలలెంత ఎత్తున ఉంటాయో సూచనలిస్తుంది. వాటిని పడవ మీది మనిషికి అర్థమయ్యేట్టు చేర్చాలి. రొయ్యకు తెగులొస్తే మందుల కంపెనీ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. చెరువు గట్టు మీది రైతుకు అది తెలుగులో కావాలి. సర్కారు వైపు చూస్తే, కేంద్ర సమాచార సర్వీసులో గ్రూప్ బి పోస్టులకు జర్నలిజం డిగ్రీ గాని డిప్లొమా గాని అర్హతగా అడుగుతారు. పట్టా కాగితానికి నిజంగా ధర ఉన్న కొద్ది చోట్లలో అదొకటి. కాని ఆ పోస్టులు కొద్ది, నోటిఫికేషన్లు ఎప్పుడో గాని రావు. ఎం.ఏ. చేసి నెట్ రాస్తే మన లెక్చరర్ల దారి ఉంది. ఆ దారి పొడుగెంతో వాళ్ళనే అడగండి, నాకన్నా బాగా చెబుతారు!

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. డబ్బు మాట ఎత్తగానే మన వాళ్ళు ఒక జవాబిస్తారు: "ఇది ఉద్యోగం కాదోయ్, సేవ." ఆ సేవ గొప్పదనం నేను కళ్ళారా చూసినవాణ్ణే. 1992లో నేను డిగ్రీ చదువుతున్నప్పుడు మన జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం చదివి, ఆ కథ మనదే కదా అనుకుని కదిలినవాళ్ళు వాళ్ళు. వాచకం రాసినవాడు, బడి నడిపిన వలంటీరు, ఊరి వార్తను పక్క ఊరికి చేర్చిన విలేకరి - వీళ్ళ పనంతా కలిసి 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగిపోయింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. పెద్ద చదువులు లేని దళిత ఆడవాళ్ళే మైకు పట్టుకుని, రికార్డు చేసి నడిపారు. దీనికి రూపాయల్లో విలువ కట్టగలమా? కట్టలేం.

కట్టలేనంత విలువ ఉంది గనుక కట్టకుండానే చేయించుకోవచ్చు అనే తీరు మాత్రం నేను ఒప్పుకోను. "సేవ" అన్న మాటను పని చేసేవాడు తనకు తాను చెప్పుకుంటే అందం. జీతం ఇవ్వవలసినవాడు చెబితే అది ఎగవేత. పనిచేసే పాత్రికేయుల కోసం 1955లోనే చట్టం వచ్చింది. మజీఠియా వేతన సంఘం సిఫార్సులను ప్రభుత్వం 2011 నవంబరులో ప్రకటించింది. 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. 2020లో పార్లమెంటు ఆ పాత చట్టాన్ని కొత్త కార్మిక స్మృతిలో కలిపింది. ఇంత జరిగినా, నియామక పత్రమే లేనివాడికి ఏ వేతన సంఘం ఏం చేస్తుంది? లైన్ అకౌంట్ మీద తిరిగే మండల విలేకరి పాత్రికేయుడా కాదా అన్న చర్చ దగ్గరే అతని జీవితం గడిచిపోతుంది. నాకూ నాలుగేళ్ళలో ఒక్క కాగితం ఇవ్వలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆ కుర్చీ పోతుందని భయం.

ఇందులో నా తప్పు కూడా ఉంది, దాచను. నేను 412 రూపాయలకు ఒప్పుకున్నాను గనుక, నా పక్క మండలంలో ఇంటి బాధ్యతలున్న మనిషి, నాకన్నా బాగా రాసేవాడు, 1,500 అడిగి మానేయవలసి వచ్చింది. "ఊరికే రాసేవాళ్ళు దొరుకుతుంటే మీకెందుకివ్వాలి?" అన్నారట అతనితో. ఆ ఊరికే రాసేవాణ్ణి నేనే. ఒక డిగ్రీ విలువను దించేది మార్కెట్ ఒక్కటే కాదు, గౌరవం చాలు డబ్బు వద్దు అనే మనం కూడా. పైగా జీతం లేని పనిలో ఎక్కువ రోజులు నిలవగలిగేది ఎవరు? ఇంట్లో పొలమో వ్యాపారమో ఉన్నవాడు, లేదా వార్తను అమ్ముకునేవాడు. బీదవాడు, నిజాయితీపరుడు ముందు వెళ్ళిపోతాడు. అప్పుడు పేపర్లో ఎవరి ఊరి కథ వస్తుందో మీరే ఆలోచించండి.

కాబట్టి విద్యార్థి సంఘం వారికి నా విన్నపాలు మూడు. గోడల మీద నినాదాలు రాయడం కన్నా ఇవి కష్టం, కాని ఖర్చు తక్కువ.

ఒకటి: మీడియా కోర్సు చదివి వెళ్ళిన గత ఐదు బ్యాచ్‌ల వాళ్ళు ఈ రోజు ఏం చేస్తున్నారో, నెలకెంత సంపాదిస్తున్నారో పేర్లు లేకుండా అడిగి, ఒక పట్టిక చేసి నోటీసు బోర్డు మీద పెట్టండి. మంచి జీతం వచ్చిన ఇద్దరి ఫోటోలు కరపత్రం మీద వేసి, మిగతా నలభై మంది సంగతి చెప్పకపోవడం వార్త కాదు, ప్రకటన. జర్నలిజం నేర్పే శాఖే ముందు తన గురించి నిజం రాసుకోవాలి.

రెండు: ఇంటర్న్‌షిప్ పేరుతో పిల్లలను పంపేటప్పుడు, కనీసం రాకపోకల ఖర్చు, మధ్యాహ్నం భోజనం ఇవ్వని చోటికి పంపవద్దని కాలేజీ చేత రాతపూర్వకంగా అనిపించండి. శిక్షణ వేరు, ఊరికే చాకిరీ వేరు. పిల్లవాడి పక్కన కూర్చుని అతని రాత దిద్దేవాడు ఉంటే అది శిక్షణ.

మూడు: వార్త రాయడంతో పాటు బిల్లు రాయడం నేర్పండి. నవ్వకండి! పనికి ముందు రేటు మాట్లాడుకోవడం, ఒప్పందం కాగితం మీద పెట్టుకోవడం, గడువు దాటితే మర్యాదగా గుర్తుచేయడం - ఇవి సిలబస్‌లో ఒక్క వారం చాలు. నాకెవరూ నేర్పలేదు. నేర్పి ఉంటే మా అమ్మ గొలుసు ఆరేళ్ళు బీరువా బయట ఉండేది కాదు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఈ చదువు చదవండి, దగ్గర్లో చదవండి, తక్కువలో చదవండి. దానితో పాటు ఇంకొక విషయం గట్టిగా పట్టుకోండి. ఆక్వా గాని, ఆరోగ్యం గాని, లెక్కలు గాని, చట్టం గాని. రాత ఒక్కటే వచ్చినవాళ్ళు బోలెడుమంది. రొయ్యల సంగతి తెలిసి రాత వచ్చినవాళ్ళు ఎంతమంది? పంతులు గారికి అమృతాంజనం ఉన్నట్టు మీకూ ఒకటి ఉండాలి.

చివరికి బావకి ఏం చెప్పానో చెబుతాను. నెల తర్వాత మళ్ళీ చిల్లకూరు వెళ్ళాను. 2022 విభజనలో మా మండలాన్ని తిరుపతి జిల్లాలో కలిపారు గాని, ఏ ఊరంటే మా నోట అప్పటికీ నెల్లూరు మాటే వచ్చేది. అలవాట్లు కాగితంతో మారవు. ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద వేసి బావ ముందు పెట్టాను. "అప్పు చేసి చదివిస్తే నష్టం. ఇంటి దగ్గర చదివిస్తే నష్టం లేదు. లాభం ఎంతంటావా, మొదట్లో నీ గుమస్తా జీతం కన్నా ఎక్కువ ఉండదు. తర్వాత దాని చేతిలో ఉంది. ఊరికే పని చేయనని అది మాటిస్తే, నేను పూచీ" అన్నాను.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరుకు మంచిదే గాని గిరాకీ మందం అంటావు" అన్నాడు. అంతకన్నా చక్కగా నేను చెప్పలేను. మా అమ్మాయి జూన్‌లో దగ్గర్లోని కాలేజీలోనే చేరింది.

దసరా సెలవుల్లో ఒక హేచరీ ఆయన రొయ్య పిల్లలను చెరువులో వదిలేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తల మీద కరపత్రం కావాలని నా షాపుకొచ్చాడు. ఆ పని ఈ పిల్లకిచ్చాను. రెండు రోజులు చెరువుల దగ్గర తిరిగి, రైతులనడిగి రాసింది. ఆయన చదివి, "బాగుందమ్మా, చిన్నపిల్లవి, బాగా పైకి రావాలి" అని దీవించి లేచాడు. పిల్ల లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా, "సార్, 800 అనుకున్నాం" అంది. ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటకు చూశాను. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

ఆ రాత్రి బావ ఫోన్ చేశాడు. డబ్బు సంగతి ఎత్తలేదు. "రెండు రోజుల పనికి 800 అంటే రోజుకు నాలుగొందలు. పెట్రోలు ఎవరిది బామ్మర్దీ?" అని అడిగాడు. పెట్రోలు నాదే. తర్వాతి బిల్లులో అది కూడా రాయమని పిల్లకి చెప్పాను.

మూడేళ్ళ తర్వాత కార్యదర్శి ఎవరైనా సరే, మళ్ళీ నా షాపుకి రండి. మిగతా లెక్క అప్పుడు రాస్తాను.